పాత మణుగు, పాత పడి: లెక్క తెలియక నష్టపోకుండా

తనకల్లు, నల్లచెరువు, కదిరి ప్రాంతాలలో పాత మండీల వారి ఇళ్ళలో చిట్టాలు, ఖాతా పుస్తకాలు ఇంకా అక్కడక్కడ పెట్టెల అడుగున ఉండటం కద్దు. అన్నదమ్ముల పంపకాలప్పుడో, పాత బాకీ మాట వచ్చినప్పుడో అవి బయటికి వస్తాయి. వాటిలో మణుగులు, వీశెలు, పడులు, అణాలు కనిపిస్తాయి. ఈనాటి గుమాస్తాకు అవి చదవటం రాదు. చదివినా తప్పుగా చదివే ప్రమాదమే ఎక్కువ. మణుగు అంటే ఎంత అని అడిగితే చాలామంది ఏదో ఒక అంకె చెబుతారు. విచారిస్తే అది మరొక ప్రాంతపు మణుగు అయి ఉంటుంది.

మణుగు, పడి, అణా, తంతి ఇవన్నీ వాడుక నుంచి పోయినవి. పోయినవి పేర్లేనా, వాటి వెనుక ఉన్న వర్తక ఆచారాలు కూడా పోయినవా అన్నది విచారించవలసిన సంగతి. కొలత మారినప్పుడల్లా కొంత లాభం ఒక చేతి నుంచి మరొక చేతికి మారింది. ఎలా మారిందో తెలిసినవారికి పాత ఖాతా చదవటంతో పాటు ఈనాటి బేరంలో తరుగు ఎక్కడ దాగి ఉన్నదో కూడా తెలుస్తుంది.

మణుగులు మూడు

మద్రాసు రాష్ట్రపు తూకం తులంతో మొదలవుతుంది. 3 తులాలు 1 పలం, 8 పలాలు 1 సేరు, 5 సేర్లు 1 వీశె, 8 వీశెలు 1 మణుగు, 20 మణుగులు 1 బారువ. అంటే సేరుకు 24 తులాలు, వీశెకు 120, మణుగుకు 960 తులాలు. తులం 180 గ్రెయిన్లు, నేటి లెక్కలో 11.66 గ్రాములు. వెండి రూపాయి బరువు కూడా సరిగ్గా ఇంతే. అందువల్ల రాతి గుండు మీద అనుమానం వస్తే తక్కెడలో 24 రూపాయలు వేసి సేరును సరిచూసుకునే వీలుండేది. 1940లో రూపాయిలో వెండి పాలు సగానికి తగ్గినా బరువు తగ్గలేదు కనుక ఆ తనిఖీకి భంగం రాలేదు. నాణెమే తూకపు రాయిగా పనిచేసిన ఆ సౌకర్యం ఇప్పుడు లేదు.

ఈ లెక్కన సేరు 280 గ్రాములు, వీశె 1.4 కిలోలు, మణుగు 11.2 కిలోలు, బారువ 224 కిలోలు. ఇంగ్లీషు పౌనులలో మణుగు ఇంచుమించు 25.

చిక్కు ఇక్కడే వస్తుంది. ధర్మవరం నుంచి పాకాల వరకు కదిరి, ములకలచెరువు మీదుగా వేసిన మీటర్ గేజ్ రైలు మార్గం మీద సరుకు ఎక్కించినప్పుడు కిరాయి లెక్క వేరే మణుగులో కట్టేవారు. రైల్వే మణుగు 80 తులాల పక్కా సేర్లు 40, అంటే 3,200 తులాలు. పౌనులలో 82కు కొంచెం పైన, కిలోలలో 37.32. బొంబాయి మణుగు మూడవది, అది 28 పౌనులు, 12.7 కిలోలు. ఒకే సరుకుకు ఊరి బీడులో ఒక మణుగు, రైల్వే రసీదులో మరొక మణుగు, బొంబాయి కమీషన్ ఏజంటు పంపిన పట్టీలో ఇంకొక మణుగు పడేవి.

ఊరి మణుగుకు, రైల్వే మణుగుకు మధ్య సంబంధం చాలా సులువు. 960కి, 3,200కు ఉన్న నిష్పత్తి 3కు 10. పది ఊరి మణుగులు సరిగ్గా మూడు రైల్వే మణుగులు. ఒకే రవానాకు చిట్టాలో 100, రసీదులో 30 కనిపిస్తే దొంగతనమని గాని, పొరపాటని గాని అనుకోనవసరం లేదు. రెండూ ఒకటే బరువు.

కాగితం ఏ జిల్లా పేరుతో ఉన్నదన్నదాన్నిబట్టి కొలతను ఊహించటం కూడా పనికిరాదు. తనకల్లు గ్రామం ఉన్న కదిరి తాలూకా కడప జిల్లాలో ఉండి 1910లో అనంతపురం జిల్లాలో కలిసింది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇదే ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. కాగితం మీద జిల్లా పేరు మూడు విధాలుగా ఉండవచ్చు. మణుగు ఏదన్నది తేల్చేది ఆ కాగితం ఎవరు వ్రాశారన్న సంగతి: మండీ వారా, రైల్వే వారా, పై ఊరి ఏజంటా అని.

గీతల లెక్క

ఇక ధర సంగతి. పాత ఖాతాలో రూ. 2-11-0 అని ఉంటే రెండు రూపాయల పదకొండు అణాలు. చివరి సున్న పైసలది కాదు, దమ్మిడీలది. అణాకు 12 దమ్మిడీలు, రూపాయికి 16 అణాలు, 192 దమ్మిడీలు.

ఇంకా పాత పుస్తకాలలో ఈ అంకెలు కూడా ఉండవు, గీతలు ఉంటాయి. నిలువు గీత కాలు భాగానికి గుర్తు, అడ్డ గీత వీసానికి గుర్తు. వీసం అంటే పదహారో వంతు. రూపాయిలో కాలు భాగం పావలా, వీసం అణా. కాబట్టి రెండు నిలువు గీతలు, మూడు అడ్డ గీతలు ఉంటే అర్ధ రూపాయి మీద మూడణాలు, మొత్తం పదకొండు అణాలు. ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత అయితే ఐదణాలు. ఇంతకుమించి ఇందులో రహస్యం ఏమీ లేదు, అరగంట కూర్చుంటే ఎవరికైనా పట్టుబడుతుంది. ఈ గీతలకు 2008లో కంప్యూటర్ల అంతర్జాతీయ లిపి పట్టికలో చోటు దొరికింది. బజారులో మాత్రం చోటు పోయి అప్పటికే అర్ధ శతాబ్దం అయింది.

ఇప్పుడు లెక్క కట్టవచ్చు. వేరుశనగకాయ మణుగు 1కి రూ. 2-11-0 ధారణ వ్రాసి ఉన్నదనుకుందాం. ఊరి మణుగు అయితే క్వింటాలుకు 8.93 మణుగులు, క్వింటాలు ధర 24 రూపాయలు. అదే రైల్వే మణుగు అనుకుంటే క్వింటాలుకు 2.68 మణుగులు, ధర 7 రూపాయల 20 పైసలు. ఒక్క మాట తప్పుగా చదివితే విలువ మూడో వంతు కూడా మిగలదు. పాత వ్యాపారపు పరిమాణాన్ని అంచనా కట్టేవారు, వంశపారంపర్యపు మండీ వాటాలు తేల్చేవారు ఈ సంగతి ముందుగా చూసుకోవాలి.

వడ్డీ విషయంలోనూ ఇదే జాగ్రత్త. నూటికి పన్నెండు అణాల వడ్డీ అని పాత నోటులో ఉంటే అది నెలకు. సంవత్సరానికి నూటికి 9 రూపాయలు అవుతుంది. పన్నెండు అన్న అంకె చూసి 12 శాతం అనుకోవటం పొరపాటు.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినవి. అణాకు 6.25 నయాపైసలు. పావు నయాపైసకు నాణెం లేదు కనుక అణాకు 6 నయాపైసలుగా చలామణి చేసుకున్నారు. ఒకేసారి రూపాయి ఇస్తే నూరు వచ్చేవి. అదే పదహారు సార్లు అణా అణాగా ఇస్తే 96 మాత్రమే లెక్కకు వచ్చేవి. చిల్లర బేరగాడి నుంచి రూపాయికి 4 నయాపైసలు ఈ విధంగా జారిపోయినవి. ఏ వర్తకుడూ మోసం చేయలేదు. భాగించటంలో మిగిలిపోయిన ముక్క ఎవరి వైపు ఉంటే వారికి చేరింది. 1964 జూన్ నుంచి నయా అన్న మాట తీసివేశారు. 2011 జూన్ 30తో పావలా నాణెం, అంతకు తక్కువ నాణెములు చెల్లుబాటు కోల్పోయినవి.

పడి మీది గోపురం

తూకం కంటె కొలత సంగతే రైతుకు ఎక్కువ తగిలేది. రాగులు, కొర్రలు, ఉలవలు, వడ్లు మొదలైన గింజలు పల్లెల్లో తూకానికి కాక కొలతకే అమ్ముడయ్యేవి. కోస్తా వైపు గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, తూము, పుట్టి అన్నది వరుస: కుంచాలు నాలుగైతే తూము, తూములు ఇరవై అయితే పుట్టి. సీమలో పడి, సేరు ఎక్కువ వాడుక. సేరు అన్న పేరు తూకంలోనూ, కొలతలోనూ ఉండటం పాత కాగితాలలో మరొక తికమక. మైసూరు సరిహద్దు దగ్గరైన కొద్దీ కొళగ, ఖండుగ అన్న మాటలు వినపడేవి. అక్కడ ఇరవై కొళగలు ఒక ఖండుగ.

కళ్ళంలో కొలిచే మనిషి మొదటి కొలతను ఒకటి అనడు. లాభం అంటాడు. ఆ తరువాత రెండు, మూడు అని సాగుతుంది. ఆ లాభం ఎవరిదన్నది పడి మీద గింజలు ఎలా పోశారన్నదానిని బట్టి ఉంటుంది.

పడిని అంచు వరకు నింపి కర్రతో చదును చేయటం ఒక పద్ధతి. జారి పడేంతవరకు గోపురంగా పోయటం మరొకటి. ఈ గోపురంలో ఎంత సరుకు పడుతుందో లెక్క వేసి చూడవచ్చు. గింజలు సుమారు 30 డిగ్రీల వాలుతో నిలుస్తాయనుకుంటే, లోతు, వెడల్పు సమానంగా ఉన్న గుండ్రని పడిలో గోపురం వల్ల వచ్చే అదనం 9.6 శాతం. పడి లోతు వెడల్పులో సగమే అయితే అదనం 19 శాతానికి పోతుంది. రెండు పడులలోనూ చదునుగా పోస్తే పట్టేది ఒక్కటే కావచ్చు, ముద్ర కూడా రెంటి మీదా ఉండవచ్చు. వెడల్పు మూతి పడితో గోపురంగా వంద పడులు కొన్నవాడికి చదును లెక్కలో 119 పడులు వస్తాయి. మూతి ఇరుకైన పడితో కొన్నవాడికి 110కి లోపే. తేడా పడి పరిమాణంలో లేదు, ఆకారంలో ఉన్నది. చిన్న సోలైనా, పెద్ద కుంచమైనా ఆకారం ఒకటే అయితే అదనపు శాతం ఒకటే.

ఇక వాడుక చూడండి. కళ్ళంలో కొనేటప్పుడు గోపురం, అంగడిలో అమ్మేటప్పుడు, కూలి కొలిచేటప్పుడు చదును. ఇది అందరూ చేసేదని అనటం అన్యాయమవుతుంది గాని, ఎవరికీ తెలియనిది కాదు. గింజల అప్పు దగ్గర ఇది ఇంకా పదునుగా తగిలేది. విత్తనాలకు పది పడులు చదునుగా తీసుకుని పంటకు పది పడులు గోపురంగా తిరిగి ఇస్తే, చెప్పిన వడ్డీ కాక మరొక 10 శాతం ఆరు నెలలకే పడినట్లు. సంవత్సరానికి 20 శాతం. ఈ వడ్డీ ఏ నోటులోనూ కనిపించదు. పాత గింజల బాకీ ఖాతా చదివేవారు తీసుకున్న పడులు, ఇచ్చిన పడులు సమానంగా ఉన్నవి కదా అని వడ్డీ లేని అప్పుగా భావించరాదు.

వేరుశనగకాయ కొలతకు ఇమడని సరుకు. కాయల మధ్య సందులు ఎక్కువ. పడిని నేలకు రెండుసార్లు తడితే కాయ దిగుతుంది, మళ్ళీ పోయవలసి ఉంటుంది. ఒకే రాశిని ఇద్దరు మనుషులు కొలిస్తే రెండు లెక్కలు వస్తాయి. నూనె మిల్లులకు కావలసింది బరువు. ఈ మెట్ట ప్రాంతంలో వేరుశనగ సాగు పెరిగిన కొద్దీ పడి ప్రాముఖ్యం తగ్గి తక్కెడ పైకి రావటానికి చట్టం ఒక కారణమైతే, ఈ పంట స్వభావం మరొక కారణం.

1962 తరువాత

తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు నుంచి ఎంపిక చేసిన చోట్ల మొదలై, 1962 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా తప్పనిసరి అయినవి. ఈనాడు అమలులో ఉన్నది 2009 నాటి చట్టం, 2011 ఏప్రిల్ 1 నుంచి.

కిలో వచ్చాక గోపురం పోయింది. దాని స్థానంలో తేమ వచ్చింది. పడికి తేమతో అంత పని లేదు. తడి కాయైనా, ఎండు కాయైనా పడిలో పట్టేది ఇంచుమించు అంతే. తక్కెడకు నీరు కూడా సరుకే. ఉదాహరణకు 12 శాతం తేమ ఉన్న 40 కిలోల బస్తాను 8 శాతానికి ఆరబెడితే మిగిలేది 38 కిలోల 260 గ్రాములు. కొన్నవాడు గిడ్డంగిలో 1,740 గ్రాములు పోగొట్టుకుంటాడు. ఇది ముందే ఊహించి అతడు రెండు కిలోలు తరుగు తీస్తే బాగా ఎండబెట్టి తెచ్చిన రైతుకు నష్టం, తడి కాయ తెచ్చిన రైతుకు చెల్లు. పడి కాలంలో కొనేవాడి భయం తాలు, పొల్లు. తక్కెడ కాలంలో భయం నీరు. భయం ఏదైనా తరుగు రూపంలో ధరలోకి వచ్చింది. దీనికి విరుగుడు తేమ కొలిచే యంత్రం. అది లేనిచోట గుత్తగా తీసే తరుగు రెండు వైపులా అనుమానాన్నే పెంచుతుంది.

పేరు ఉండి పరిమాణం మారినవి కూడా ఉన్నవి. బంగారు అంగళ్ళలో నేడు చాలాచోట్ల తులం అంటే 10 గ్రాములు. పాత తులం 11.66. తాత వ్రాసిన వీలునామాలో పది తులాల నగ అని ఉంటే అది 116 గ్రాములకు పైచిలుకు, 100 గ్రాములు కాదు. నేటి ధరల్లో ఈ 16 గ్రాముల తేడా చిన్న తగాదా కాదు.

బేరం పద్ధతిలో పోయినవాటిని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునే రహస్య బేరానికి నియంత్రిత మార్కెట్లలో కాలం చెల్లింది. మద్రాసు రాష్ట్రంలో 1933 నాటి వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి మార్కెట్ల చట్టం దీనికి దారి వేసినవి. పశువుల సంతల్లో ఆ తువ్వాలు ఇంకా పూర్తిగా పోలేదు. పై ఊరి ధారణ తెలియటానికి తంతి, ట్రంకు కాల్ ఆధారంగా ఉండేవి. ట్రంకు కాల్‌లో ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగ్ అని తరగతులు. తంతికి మాటకింత అని రుసుము కనుక వర్తకులు తమలో తాము సంకేత పదాలు పెట్టుకునేవారు. తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది. ధర ముందుగా తెలిసినవాడికి దొరికే ఆ కొద్ది గంటల లాభం అంతకు ముందే సెల్ ఫోనుతో పోయింది. దానికి చింతించవలసిన పని రైతుకు లేదు.

టమోటా క్రేటు

తనకల్లు, కొక్కంటి క్రాస్ ప్రాంతంలో ఇప్పుడు టమోటా ముఖ్యమైన వ్యాపారం. సరుకు ములకలచెరువు, అంగళ్లు, మదనపల్లె వైపు పోతుంది. ఇందులో విచిత్రమేమంటే 1962లో సాగనంపిన పడి ఇక్కడ మళ్ళీ కనిపిస్తున్నది, ప్లాస్టిక్ రూపంలో. మదనపల్లె వైపు 30 కిలోల బాక్సు, కోలారు వైపు 15 కిలోల బాక్సు అని ధరలు వినపడుతుంటాయి. పేరు కిలోలది, పని కొలతది. బాక్సు నిండిందా లేదా అన్నది కంటితో చూస్తారు గాని ప్రతి బాక్సునూ కాటా ఎక్కించరు. అంచు దాటి పోసిన కాయలు పడి మీది గోపురమే. దీనికి తోడు వంద బాక్సులకు కొన్ని అదనంగా తీసుకునే ఆచారానికి ఈ ప్రాంతపు మండీలలో జాక్‌పాట్ అని పేరు పడింది, రైతులు దానిపై అభ్యంతరాలు చెప్పారు. కళ్ళంలో లాభం అని లెక్క మొదలుపెట్టిన మాటకు ఇది చాలా దగ్గర బంధువు.

ఇందులో కమీషన్ ఏజంటు ఇబ్బంది కూడా లేకపోలేదు. దూరపు కొనుగోలుదారుకు లారీ దిగేసరికి కాయ చితికి బరువు తగ్గుతుంది. ఆ తగ్గుదల ఎవరో ఒకరు భరించాలి. అయితే దానిని ధరలో చూపటం వేరు, బాక్సులో దాచటం వేరు. లోడుకు పది బాక్సులు కళ్ళు మూసుకుని తీసి, కాటా వేసి, ఖాళీ బాక్సు బరువు తీసివేసి సగటు కడితే అసలు సంగతి పావుగంటలో తెలుస్తుంది. 25 కిలోలన్న బాక్సు సగటున 27 తూగితే వంద బాక్సులకు 200 కిలోలు, ధరలో 8 శాతం అదనపు సరుకు. అమ్మినవాడు బాక్సు ధర పెంచమనటానికి గాని, కొన్నవాడు తన తరుగు న్యాయమని చూపటానికి గాని ఈ ఒక్క అంకె చాలు. హిందూపురం చింతపండు మార్కెట్‌లో కరిపులి, ఫ్లవర్ రకాల ధరలు క్వింటాలుకే పలుకుతాయి కనుక అక్కడ ఈ తగాదాకు తావు తక్కువ. తేమ తగాదా మాత్రం అక్కడా ఉన్నది.

పోకుండా నిలిచిపోయిన పాత కొలత ఒకటి ఉన్నది, ఖండి. బొంబాయి లెక్కన 28 మణుగులు ఒక ఖండి, 784 పౌనులు, 355.6 కిలోలు. పత్తి వర్తకంలో దూది ధర నేటికీ దీనిలోనే చెబుతున్నారు. ఇరవై మద్రాసు మణుగుల బారువకు కూడా పాత కాగితాలలో ఖండి అన్న పేరు కనిపిస్తుంది. అది 224 కిలోలే, కాబట్టి రెండూ కలిపి చూడరాదు. సీమలో ఆదోని మార్కెట్ ధర క్వింటాలుకు, అదీ గింజతో ఉన్న పత్తికి. ఖండి ధర గింజ తీసిన దూదికి. ఖండి రూ. 56,000 అనుకుంటే క్వింటాలు దూది రూ. 15,748 పడుతుంది. క్వింటాలు పత్తిలో దూది సుమారు మూడో వంతు కనుక దూది విలువ రూ. 5,250 ప్రాంతం. దానికి గింజ విలువ కలిపి, జిన్నింగు ఖర్చు తీసివేసిన తరువాత వచ్చే అంకెను ఆదోని ధారణతో పోల్చి చూసుకోవాలి.